బొందలగడ్డకు వయసు కట్టేదెట్లా?

ఊరి బయట గుండ్రంగా పేర్చిన బండరాళ్లు, వాటి నడుమ మట్టిలో కూరుకుపోయిన రాతి పలకలు కనబడితే మన పల్లెల్లో రాకాసి గుళ్లు అంటారు, పాండవుల గుళ్లు అంటారు. మామూలు మనుషులు ఎత్తలేనంత పెద్ద రాళ్లు గనుక రాక్షసులో భీముడో పేర్చి ఉంటారని పెద్దల మాట. తవ్వి చూసినవాళ్లకు దొరికింది మాత్రం మనుషుల ఎముకలు, కుండలు, తుప్పు పట్టిన ఇనుప కత్తులు, పూసలు. అవి సమాధులు. ఆ సంగతి తేలగానే ఎవరైనా అడిగే మాట ఒక్కటే: ఎన్నేళ్ల నాటివి?

పత్రికల్లో ఈ ప్రశ్నకు జవాబు ఒక్క ముక్కలో వస్తుంది. మూడు వేల ఏళ్ల నాటి సమాధి అని రాస్తారు, అయిపోతుంది. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో, ఎంతవరకు నమ్మొచ్చో, ఒక్క గడ్డపార పోటుకు అది ఎలా చెరిగిపోతుందో చదివేవాళ్లకు తెలియాలి. చెప్పుకోవడానికి నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం కన్నా తగిన చోటు దక్షిణాదిలో తక్కువ. కుందూ లోయ నల్లరేగడి, బేతంచెర్ల, బనగానపల్లె సున్నపురాతి గుట్టలు, జుర్రేరు ఒడ్డున అగ్నిపర్వత బూడిద, దక్షిణాన రేనాటి శాసనాలు, వీరగల్లులు, అన్నీ ఒకదానికొకటి దగ్గరలోనే ఉన్నాయి. కాలాన్ని లెక్కగట్టే ప్రతి పద్ధతికీ ఇక్కడ ఏదో ఒక ఉదాహరణ దొరుకుతుంది. నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది కాబట్టి పాత పుస్తకాల్లో ఇవన్నీ కర్నూలు జిల్లా పేరుతోనే ఉంటాయి.

ముందుగా ఒక సంగతి. కుండను గానీ ఎముకను గానీ తీసి బల్ల మీద పెట్టి, దీని వయసెంత అని అడిగితే పురావస్తు శాస్త్రజ్ఞుడు వెంటనే ఎదురు ప్రశ్న వేస్తాడు: ఎక్కడ దొరికింది, ఎంత లోతున, దాని పక్కన ఏముంది? ఈ మూడింటికీ జవాబు లేకపోతే ఎంత ఖరీదైన ప్రయోగశాలకు పంపినా ఫలితం సగం సగమే. వస్తువు వయసు చాలావరకు అది పడి ఉన్న చోటులోనే ఉంటుంది.

నేల పొరలు పొరలుగా పేరుకుంటుంది. కింది పొర పాతది, పై పొర కొత్తది. ఇంతవరకు చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. సమాధి దగ్గరే చిక్కు వస్తుంది. సమాధి అంటే గుంట. పై పొర మీద నిలబడ్డ మనుషులు కింది పొరలను తెగనరికి గుంట తీస్తారు, శవాన్ని పెడతారు, తీసిన మట్టినే తిరిగి పోస్తారు. ఆ మట్టిలో అంతకు వెయ్యేళ్ల కిందటి కుండపెంకులు కూడా కలిసి పడతాయి. కనుక సమాధి మట్టిలో దొరికిన పాత పెంకును బట్టి సమాధికి వయసు కడితే తప్పవుతుంది. ఆ గుంటలో దొరికిన అన్నిటికన్నా కొత్త వస్తువు ఏదో అది చూడాలి. సమాధి దానికన్నా ముందుది అయ్యే వీలు లేదు. గుంట అంచు ఏ పొర నుంచి మొదలైందో, దాని మీద ఏ పొర చెక్కుచెదరకుండా పరుచుకుని ఉందో చూస్తే ఆ రెంటి మధ్యా సమాధి కాలం ఇరుక్కుంటుంది.

ఈ సూత్రానికి ప్రపంచ ప్రసిద్ధి చెందిన ఉదాహరణ ఇంగ్లండులోని సటన్ హూ. 1939లో అక్కడ ఒక మట్టిదిబ్బ కింద పెద్ద ఓడ ఆనవాలు బయటపడింది. ఎవరో రాజును ఓడతో సహా పూడ్చారు. అక్కడి ఆమ్లపు నేల శవాన్ని పూర్తిగా తినేసింది, ఎముక కూడా మిగల్లేదు. కానీ ఒక సంచిలో 37 బంగారు నాణేలు దొరికాయి. వాటిలో అన్నిటికన్నా చివరగా ముద్రించినది ఏదో తేల్చి, ఆ సమాధి 7వ శతాబ్దం తొలి దశాబ్దాలదని నిర్ణయించారు. సంచిని ఎవరైనా అంతకు ముందే ఎత్తుకెళ్లి నాణేలను విడివిడిగా అమ్ముకుని ఉంటే ఆ ఓడ సమాధి కాలాన్ని అంత దగ్గరగా చెప్పగలిగేవాళ్లు కారు.

తవ్వకం అనగానే గడ్డపార, పలుగు గుర్తుకొస్తాయి. సమాధి తవ్వకంలో వాటి పని మొదటి ఒకటి రెండు రోజులతోనే సరి. రాళ్ల వలయాన్ని పురికొసతో నాలుగు భాగాలు చేస్తారు. ఎదురెదురు భాగాలను ముందు తవ్వి, మధ్యలో మట్టి గోడలను అలాగే నిలబెడతారు. ఆ గోడలు చూస్తే పొరలన్నీ నిలువుగా కనబడతాయి. గుంట అంచు దగ్గర మట్టి రంగు మారుతుంది. ఒకవైపు గట్టిగా, ఒకవైపు గుల్లగా ఉంటుంది. తాపీతో మెల్లగా గీరుతూ పోతే ఆ తేడా చేతికే తెలుస్తుంది. ఎముక తగిలాక ఇనుప పనిముట్లు పక్కన పెట్టి వెదురు పుల్లలు, మెత్తటి కుంచెలు తీసుకుంటారు. ఒక్కో ఎముకనూ ఉన్నచోటనే ఉంచి బొమ్మ గీస్తారు, ఫొటో తీస్తారు, లోతు కొలుస్తారు. తీసిన మట్టిని పారబోయరు. జల్లెడ పడతారు. కొంత మట్టిని నీళ్లలో కలిపితే మాడిన గింజలు, బొగ్గు నలుసులు పైకి తేలతాయి. వాటిని పలుచటి గుడ్డలో వడకట్టి నీడన ఆరబెడతారు. కుందూ లోయలో ఆళ్లగడ్డకు పడమటి వైపున రూపనగుడి, ఇంజేడు లాంటి ఊళ్ల దగ్గర పాత జనావాసాల దిబ్బల్లో ఈ పద్ధతితోనే నాలుగు వేల ఏళ్ల నాటి రైతులు ఏం పండించారో తెలుసుకున్నారు. ఉలవలు, పెసలు, అండుకొర్రల వంటి చిరుధాన్యాలు బయటపడ్డాయి. పరిశోధకులు డోరియన్ ఫుల్లర్, రవి కోరిశెట్టర్ తదితరులు చేసిన ఆ పని దక్షిణ భారత వ్యవసాయ చరిత్రనే మార్చింది.

కాలాన్ని కట్టడానికి ఈ మాడిన గింజ ఎంత విలువైనదో కాస్త తర్వాత చెబుతాను. ముందు నేల సంగతి చూడాలి, ఎందుకంటే ఈ ప్రాంతపు నేల ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కుంటుంది.

నల్లరేగడి ఎండాకాలంలో నోళ్లు తెరుస్తుంది. నంద్యాల చుట్టుపక్కల పొలాల్లో ఏప్రిల్, మే నెలల్లో ఆ నెర్రెలు చూడనివాళ్లుండరు. పై పొరలోని పెంకు, పూస, నాణెం ఆ నెర్రెల్లో జారి కిందికి పోతాయి. వానలు పడ్డాక మట్టి ఉబ్బి నెర్రె మూసుకుంటుంది. ఉబ్బేటప్పుడు కింద ఉన్నవి పైకి తోసుకొస్తాయి కూడా. వందల ఏళ్లు ఇదే జరిగితే పాతదీ కొత్తదీ కలిసిపోతాయి. అందుకే రేగడిలో విడిగా దొరికిన పూసను బట్టి ఎవరూ తీర్పు చెప్పరు. రాతి పలకలతో మూసి ఉన్న పెట్టె సమాధి, మూత బిగిసి ఉన్న కుండ లోపలి వస్తువు, ఇలాంటివాటినే నమ్ముతారు.

సున్నపురాయి ఇందుకు భిన్నం. సున్నం ఎముకను కాపాడుతుంది. బేతంచెర్ల దగ్గరి బిల్లసుర్గం గుహలే దీనికి సాక్ష్యం. 1844లో న్యూబోల్డ్ అనే ఆంగ్లేయుడు ఆ గుహల్లో ఎముకలున్నాయని రాశాడు. నలభై ఏళ్ల తర్వాత, 1884–85లో, భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ అక్కడ తవ్వించారు. ఎన్నో రకాల జంతువుల ఎముకలు దొరికాయి. 21వ శతాబ్దంలో పరిశోధకులు అవే గుహలకు తిరిగి వచ్చి, కొత్త పద్ధతులతో పొరలకు కాలం కట్టి, గత 2 లక్షల ఏళ్లలో ఈ ప్రాంతపు జంతుజాలం పెద్దగా మారలేదని 2014లో ప్రకటించారు. అంత పాత ఎముక మనకు మిగలడానికి కారణం సున్నపురాతి నేలే. అదే సున్నపురాయి కాలం లెక్కలో మోసం కూడా చేస్తుంది. ఆ మోసం అర్థం కావాలంటే కార్బన్ పరీక్ష గురించి తెలియాలి.

గాలిలోని కార్బన్‌లో అతి కొద్ది భాగం కార్బన్–14 అనే అస్థిరమైన రకం. చెట్టు దాన్ని గాలి నుంచి తీసుకుంటుంది, చెట్టు నుంచి పశువుకు, మనిషికి చేరుతుంది. బతికినంత కాలం కొత్తది వచ్చి చేరుతూనే ఉంటుంది. చనిపోయిన రోజు నుంచి రాక ఆగిపోతుంది, ఉన్నది తరిగిపోతుంది. 5,730 ఏళ్లకు సగం, ఇంకో 5,730 ఏళ్లకు అందులో సగం. ఎంత మిగిలిందో కొలిస్తే ఎప్పుడు చనిపోయిందో చెప్పొచ్చు. అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు విలార్డ్ లిబ్బీ 1940ల చివర ఈ పద్ధతి కనిపెట్టాడు, 1960లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. దాదాపు 50 వేల ఏళ్ల దాకా ఇది పనిచేస్తుంది. ఒకప్పుడు పిడికెడు బొగ్గు కావాల్సి వచ్చేది. ఇప్పుడు ఏఎంఎస్ అనే యంత్రానికి కొన్ని మిల్లీగ్రాములు చాలు, అంటే ఒక్క ఉలవగింజ చాలు. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో ఆ సౌకర్యం ఉంది. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ, అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబరేటరీ కూడా ఈ రంగంలో పేరున్నవి.

ఇంత చక్కటి పద్ధతికీ చిక్కులున్నాయి. సమాధిలో బొగ్గు దొరికిందనుకోండి. అది నల్లమద్ది మొద్దు నడిమి చేవ అయితే, ఆ చేవ భాగం చెట్టు నరకడానికి వందా రెండొందల ఏళ్ల ముందే చనిపోయి ఉంటుంది. పరీక్ష చెప్పేది చేవ వయసు, సమాధి వయసు కాదు. అందుకే ఒక్క ఏడాదే బతికే గింజకు అంత విలువ. ఎముకైతే అందులోని కొల్లాజెన్ అనే మాంసకృత్తి కావాలి. మన ఎండలకు, వానలకు అది త్వరగా పాడైపోతుంది. చూడటానికి గట్టిగా కనబడే ఎముకలో కూడా పరీక్షకు పనికొచ్చే పదార్థం ఏమీ ఉండకపోవచ్చు. ఇక సున్నపురాతి నేలలో పెరిగే నత్తలు రాతిని గీరి తింటూ కోట్ల ఏళ్ల నాటి కార్బన్‌ను గుల్లలో చేర్చుకుంటాయి. ఆ రాతిలో కార్బన్–14 ఎప్పుడో అయిపోయింది. అలాంటి నత్తగుల్లను పరీక్షిస్తే ఉన్నదానికన్నా ఎక్కువ వయసు చూపిస్తుంది. బేతంచెర్ల, బనగానపల్లె గుట్టల్లో పనిచేసేవాళ్లు ఈ తేడాను సరిచేసుకోక తప్పదు.

ఇంకో సంగతి సామాన్య పాఠకుడికి ఎవరూ చెప్పరు. గాలిలో కార్బన్–14 అన్ని కాలాల్లోనూ ఒకేలా లేదు. చెట్ల వలయాలతో పోల్చి ఆ హెచ్చుతగ్గులకు పట్టిక తయారుచేశారు. ఆ పట్టికలో సుమారు క్రీ.పూ. 750 నుంచి 400 దాకా గీత అడ్డంగా పరుచుకుని ఉంటుంది. ఆ మూడున్నర శతాబ్దాల్లో ఎప్పుడు చనిపోయినదైనా పరీక్షలో దాదాపు ఒకే అంకె చూపిస్తుంది. దక్షిణ భారతంలో పెద్ద రాళ్ల సమాధులు విరివిగా కట్టిన కాలంలో మంచి భాగం సరిగ్గా ఆ అడ్డగీత కిందే పడింది. కనుక ఒక్క కార్బన్ అంకెను పట్టుకుని ఈ సమాధి క్రీ.పూ. 600 నాటిదని ఎవరైనా కచ్చితంగా చెబితే అనుమానించాల్సిందే. ప్రయోగశాల ఇచ్చే అంకె పక్కన ± గుర్తుతో ఉండే సంఖ్యను వార్తల్లో ఎప్పుడూ వదిలేస్తారు. నా దృష్టిలో అసలు అంకె ఎంత ముఖ్యమో ఆ రెండో అంకె కూడా అంతే ముఖ్యం. 60 అని ఉంటే, అసలు కాలం అటు 60 ఇటు 60 ఏళ్ల మధ్య ఉండే అవకాశం మూడింట రెండు వంతులు మాత్రమే అని దాని అర్థం.

యంత్రాలు రాకముందు కాలం ఎలా కట్టేవాళ్లు? కుండలతో. ఒక్కో కాలానికి ఒక్కో రకం కుండ. బనగానపల్లె దగ్గరి పాతపాడు పేరు మీదే ఒక కుండల రకం ఉంది. ఎర్రటి మట్టి మీద ముదురు రంగు గీతలు, కొమ్ము ఉన్న గిన్నెలు దాని గుర్తులు. రాతి గొడ్డళ్ల కాలం చివర, రాగి అప్పుడే వస్తున్న రోజులవి. రాకాసి గుళ్లలో దొరికేది వేరే రకం. లోపల నల్లగా, మూతి చుట్టూ నల్లగా, కింద ఎర్రగా, చేత్తో రాస్తే జారిపోయేంత నున్నగా ఉంటుంది. దాంతోపాటు ఇనుము ఉంటుంది. ఈ రెండూ కనబడితే ఇనుప యుగపు సమాధి అని చెప్పేస్తారు.

అయితే ఇనుప యుగం అంటే ఎప్పుడు? ఇక్కడ ఒక పెద్ద కథ ఉంది. 1945లో పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో పురావస్తు శాస్త్రజ్ఞుడు మార్టిమర్ వీలర్ తవ్వించాడు. రోము సామ్రాజ్యం నుంచి వచ్చిన కుండలు దొరికాయి. వాటి కాలం ఇటలీలో ముందే తెలుసు. వాటితోపాటు ఒక రకం స్థానిక పళ్లేలు కూడా దొరికాయి. 1947లో కర్ణాటకలోని చిత్రదుర్గ జిల్లా బ్రహ్మగిరిలో తవ్వినప్పుడు అవే పళ్లేలు పెద్ద రాళ్ల సమాధుల వాళ్ల కాలానికి పైనున్న పొరలో కనబడ్డాయి. పళ్లేల కాలం తెలిసింది గనుక వాటి కింద ఉన్నవి అంతకు కొంచెం ముందువని లెక్కగట్టి, ఆ సమాధులు క్రీ.పూ. 200 నుంచి క్రీ.శ. 1వ శతాబ్దం మధ్య దాకా అన్నాడు వీలర్. ఎంతో తెలివైన లెక్క అది. ఇటలీ నుంచి అరికమేడుకు, అక్కడి నుంచి బ్రహ్మగిరికి తాడు కట్టినట్టు కట్టుకొచ్చాడు. దాదాపు ఇరవై ఏళ్లు అందరూ ఆ అంకెనే చదివారు. 1960లలో కర్ణాటకలోని హళ్లూరు బొగ్గును బొంబాయి టాటా సంస్థలో కార్బన్ పరీక్ష చేస్తే ఇనుము సుమారు క్రీ.పూ. 1000 నాటికే ఉందని తేలింది. ఎనిమిది వందల ఏళ్లు ఒక్కసారిగా వెనక్కి జరిగాయి. వీలర్ పొరల వరుస తప్పు కాదు. పై పొర కాలం సరిగానే కట్టాడు. కింది పొర ఎంత కాలాన్ని పట్టి ఉంచిందో ఊహించడంలో తక్కువ వేశాడు.

బొగ్గూ లేదు, ఎముకలో కొల్లాజెనూ లేదు, నాణెమూ లేదు. అలాంటి చోట ఏం చేస్తారు? ఇసుకను అడుగుతారు. ఇసుకలోని క్వార్ట్జ్ రేణువు మట్టిలో కప్పబడి ఉన్నంతసేపు చుట్టుపక్కల నేలలోని సహజ రేడియోధార్మికత నుంచి శక్తిని కొద్దికొద్దిగా దాచుకుంటుంది. ఎండ తగిలితే ఆ శక్తి మొత్తం ఖాళీ అవుతుంది. గుడి హుండీని తిరునాళ్ల నాడు ఖాళీ చేసి తాళం వేశారనుకోండి. రోజుకు ఎంత పడుతుందో తెలిస్తే, తెరిచినప్పుడు ఎంత ఉందో లెక్కబెట్టి ఎన్నాళ్ల కిందట తాళం వేశారో చెప్పొచ్చు. ఓఎస్ఎల్ పద్ధతి ఇదే. అందుకే ఈ నమూనాను వెలుతురు తగలకుండా తీయాలి. ఉక్కు గొట్టాన్ని పొరలోకి అడ్డంగా దిగగొట్టి, రెండు కొసలూ మూసి, నల్లటి సంచిలో చుట్టి పంపుతారు. ప్రయోగశాలలో మసక ఎర్రదీపం కింద విప్పుతారు. రేణువు చివరిసారి ఎండను చూసింది ఎప్పుడో అది చెబుతుంది. సమాధి రాతి పలక కింద ఇరుక్కున్న మట్టికి ఈ పరీక్ష చేస్తే పలక పరిచిన కాలం దాదాపుగా తెలుస్తుంది.

ఈ పద్ధతి ప్రపంచానికి చాటిన పేర్లలో మన జ్వాలాపురం ఒకటి. బనగానపల్లెకు దగ్గరలో, జుర్రేరు లోయలో ఉన్న పల్లె అది. అక్కడ పొలాల కింద తెల్లటి మెత్తటి బూడిద ఉంది. పాత్రలు తోమే పొడికి పనికొస్తుందని దాన్ని తవ్వి అమ్మేవాళ్లు. ఆ గుంటల గోడల్లో ఒకచోట బూడిద పొర రెండున్నర మీటర్ల మందం ఉంది. అది ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో సుమారు 74 వేల ఏళ్ల కిందట పేలిన టోబా అగ్నిపర్వతం బూడిద. కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కోరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం బూడిద కిందా, పైనా మనుషులు చేసిన రాతి పనిముట్లు ఉన్నాయని 2007లో ప్రకటించింది. కార్బన్ లెక్క అంత వెనక్కి పోదు. ఓఎస్ఎల్ పోయింది. బూడిద కింది పొరకు 77 వేలు, పై పొరకు 74 వేల ఏళ్లు వచ్చాయి, ఆరేడు వేల ఏళ్ల హెచ్చుతగ్గులతో. ఆ బూడిద స్వయంగా ఒక తేదీ. లోయలో ఎక్కడ తవ్వినా బూడిద కింద ఉన్నది దానికన్నా పాతది. అదే లోయలో తొమ్మిదో స్థలంగా గుర్తించిన రాతి చరియ కింద 35 వేల ఏళ్ల కిందటి నుంచి మనుషులు వాడిన సన్నని రాతి పనిముట్లు, పూసలు, పై పొరల్లో మనిషి పుర్రె ముక్కలు దొరికాయి.

ఇంత వెనక్కి పోయినవాళ్లం ఇప్పుడు వెయ్యి, పన్నెండు వందల ఏళ్ల దగ్గరికి వద్దాం. చిత్రం ఏమిటంటే ఈ దగ్గరి కాలానికే మనకు సమాధులు తక్కువ. ఐరోపాలో 6–10 శతాబ్దాల చరిత్రలో చాలా భాగం బొందలగడ్డల నుంచే వచ్చింది. మన దగ్గర ఆ కాలానికి దహనం విస్తరించింది. బూడిద ఏట్లో కలిసిపోయింది. పూడ్చే ఆచారం పోలేదు. జంగమదేవరలు, సన్యాసులు, చిన్నపిల్లలు, ఇంకా ఎన్నో కులాలవాళ్లు మట్టిలోకే పోయారు, నేటికీ పోతున్నారు. అయితే పైన పెద్ద రాళ్లు పేర్చడం ఆగిపోయింది కనుక గుర్తు పట్టడం కష్టం. కూర్చోబెట్టి పూడ్చిన అస్థిపంజరం కనబడగానే ఇది ఫలానా మతం, ఫలానా కులం అని చెప్పేయడం నాకు నచ్చదు. ఒకే భంగిమను వేరువేరు కాలాల్లో వేరువేరువాళ్లు పాటించారు.

సమాధులకు బదులుగా ఆ కాలం మనకు ఇచ్చినది రాయి. చనిపోయినవాళ్ల కోసం నిలబెట్టిన రాయి. రేనాడు అంటే కుందూ, పెన్నా మధ్య నేల. 6వ శతాబ్దంలోనే తెలుగులో శాసనాలు వేయించిన రేనాటి చోళుల రాజ్యం ఇది. ఆ వంశపు ధనంజయుడి కలమళ్ల శాసనాన్ని సుమారు క్రీ.శ. 575 నాటిదిగా లెక్కిస్తారు. ఆ శాసనంలో సంవత్సరం లేదు. అక్షరాల వంపు, తలకట్టు తీరు, తర్వాతి రాజుల శాసనాలతో పోలిక, వీటిని బట్టే ఆ అంకె వచ్చింది. అంటే పాతికేళ్లు అటో ఇటో కావొచ్చు. ఊరి పశువులను తోలుకుపోతున్న శత్రువుతో పోరాడి చచ్చినవాడికి నిలబెట్టిన వీరగల్లుకైనా ఇదే లెక్క. రాజు పేరు, ఆయన ఏలుబడిలో ఎన్నో ఏడు అని ఉంటే పని సులువు. శక సంవత్సరం ఉంటే ఇంకా సులువు, 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. వారం, తిథి, గ్రహణం కూడా చెక్కి ఉంటే పంచాంగం లెక్కలతో రోజుతో సహా తేల్చవచ్చు. ఎల్.డి. స్వామికన్ను పిళ్లై వేసిన పట్టికలు వందేళ్ల నుంచి ఈ పనికే వాడుతున్నారు. ఏ కార్బన్ యంత్రమూ ఒక మనిషి చావుకు తేదీ, వారం చెప్పలేదు. ఈ రాయి చెబుతుంది.

ఆళ్లగడ్డ నుంచి దక్షిణంగా పోతే, జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున, దానవులపాడు ఉంది. ఇసుకలో మునిగిపోయిన జైన దేవాలయాలను 20వ శతాబ్దం మొదటి ఏళ్లలో పురావస్తు శాఖ అక్కడ తవ్వి తీసింది. రాష్ట్రకూట రాజు నిత్యవర్షుడు, అంటే మూడో ఇంద్రుడు, జైన తీర్థంకరుడైన శాంతినాథుడి అభిషేకానికి చేయించిన పీఠం దొరికింది. ఆయన 10వ శతాబ్దం మొదటి పాదంలో ఏలినవాడు. దాంతోపాటు నిషిధి శాసనాలు దొరికాయి. అన్నం నీళ్లు మాని, సల్లేఖన వ్రతంతో ప్రాణం విడిచినవాళ్ల జ్ఞాపకంగా నిలబెట్టే రాళ్లు అవి. వాటిలో శ్రీవిజయ దండనాయకుడి శాసనం ఒకటి. యుద్ధాలు చేసిన సేనాపతి చివరికి అన్నీ వదిలి అక్కడ ప్రాణం వదిలాడు. తొలి మధ్యయుగంలో మన సీమలో చావుకు సంబంధించిన స్థలం ఒకటి తవ్వి, కాలం తేల్చిన సందర్భం ఇంతకన్నా స్పష్టంగా నాకు కనబడదు. అక్కడ కాలాన్ని చెప్పింది ఎముక కాదు, అక్షరం. ఆ అక్షరం గుడి ఆవరణలో తన చోటులోనే ఉంది గనుక పీఠానికీ, రాతికీ, ఇటుక గోడకూ ఉన్న సంబంధం తెలిసింది.

అక్షరాన్ని చదవడంలోనూ చేతిపని ఉంది. రాతిని నీళ్లతో కడిగి, తడి కాగితం పరిచి, కుంచెతో కొడుతూ ప్రతి గాడిలోకీ కాగితాన్ని దింపుతారు. ఆ మీద నల్లటి సిరా అద్దితే రాతి పైభాగం నలుపుగా, అక్షరం తెలుపుగా వస్తుంది. మన ఊళ్లలో వీరగల్లులను వీరభద్రుడనో పోతురాజనో కొలుస్తారు. పసుపు, కుంకుమ పూస్తారు, పండుగకు సున్నం కొడతారు, ఇప్పుడు ఎనామిల్ రంగు కూడా వేస్తున్నారు. కొలవడం వల్లే ఆ రాయి వెయ్యేళ్లు కాపాడబడింది, అది మరువకూడదు. కానీ ఎనామిల్ అక్షరాల గాళ్లను శాశ్వతంగా పూడ్చేస్తుంది. పసుపు చాలు.

అసలు నష్టం వేరే దగ్గర జరుగుతోంది. గుప్తనిధుల పేరుతో అర్ధరాత్రి తవ్వేవాళ్లు ఒకరకం. రాకాసి గుళ్లలో బంగారం ఉంటుందన్న నమ్మకం ఎంత పాతదో అంత పనికిరానిది. అక్కడ ఉండేది కుండలు, తుప్పిన ఇనుము. అవి దొరకగానే విసిరికొట్టి పోతారు, పొరలన్నీ కలగాపులగం అవుతాయి. రెండోది రాతి గనులు, పొలాల చదును. జేసీబీ ఒక్క పూటలో వలయాన్ని నేలమట్టం చేస్తుంది. మూడోది పాటిమన్ను. పాత జనావాసాల దిబ్బల మట్టి ఎరువుగా మంచిదని రైతులు బండ్లకొద్దీ తోలుకున్నారు. పొలానికి నిజంగానే మేలు చేసే మట్టి అది. రైతును తప్పుపట్టడానికి లేదు, దాని సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు మునిగిపోయే గ్రామాల్లో హడావుడిగా తవ్వకాలు జరిపారు. సాతానికోటలో 1977 నుంచి 80 దాకా పనిచేశారు. ముంపు ఎప్పుడొస్తుందో ముందే తెలుసు గనుక అక్కడ అది సాధ్యమైంది. జేసీబీ ముందుగా కబురు పెట్టి రాదు.

సమాధిలో ఉన్నది ఎవరి తాతో, ఎవరి అమ్మో. తెలంగాణలో 2017లో సిద్దిపేట జిల్లా నర్మెట్టలో పెద్ద రాతి సమాధులు తవ్వినప్పుడు హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు డీఎన్ఏ కోసం ఎముకల నమూనాలు తీసుకున్నారు. అంత జాగ్రత్తగా తీసిన ఎముకకు ఇప్పుడు పలికే శక్తి ఉంది. పళ్ల అరుగుదల వయసు చెబుతుంది, కటి ఎముక ఆడో మగో చెబుతుంది. పంటి పింగాణీలోని మూలకాలు ఆ మనిషి చిన్నప్పుడు ఏ నీళ్లు తాగాడో, ఈ నేలలో పుట్టాడో వేరే చోటి నుంచి వచ్చాడో చెబుతాయి. ఎముకలు చెల్లాచెదురుగా, కొన్నే ఉంటే, శవాన్ని ముందు వేరేచోట ఉంచి, తర్వాత ఎముకలు ఏరి తెచ్చి కుండలో పెట్టారని అర్థం. అలాంటప్పుడు చనిపోయిన కాలం ఒకటి, సమాధి కట్టిన కాలం ఇంకొకటి. కడప జిల్లా శంఖవరంలో దొరికి, చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్న పొట్టేలు రూపపు మట్టి శవపేటికను చూసినవాళ్లకు ఆనాటివాళ్లు చనిపోయినవాళ్లను ఎంత శ్రద్ధగా సాగనంపారో అర్థమవుతుంది. మెడ తిప్పిన కొమ్ముల తల, కింద మట్టి కాళ్లు, ఆ మట్టి పేటికే పొట్టేలు ఒళ్లు.

నాగలికో ప్రొక్లెయినర్‌కో ఏదైనా తగిలితే ఏం చేయాలి? 1878 నాటి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. 10 రూపాయల విలువ దాటిన ఏ నిక్షేపం దొరికినా కలెక్టరుకు తెలపాలి. రక్షిత స్థలాలకు కేంద్రంలో 1958 చట్టం, రాష్ట్రంలో 1960 చట్టం ఉన్నాయి. అయితే చట్టం కన్నా ముందు చేయాల్సింది పని ఆపడం. వస్తువును తీయకుండా, పక్కన ఒక స్కేలో చేతికర్రో పెట్టి ఫొటో తీయాలి. నేల మట్టం నుంచి ఎంత లోతో, మట్టి నల్లదో ఎర్రదో రాసుకోవాలి. ఎముకను కడగకూడదు, ఎండలో పెట్టకూడదు, చేత్తో తడమకూడదు. కుండలో మట్టి ఉంటే పారబోయకూడదు, కుండకన్నా ఆ మట్టిలోనే ఎక్కువ సమాచారం ఉంటుంది. పైన మట్టి కప్పి, వీఆర్వోకో తహసీల్దారుకో కాగితం మీద రాసిచ్చి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. రాష్ట్ర పురావస్తు శాఖవాళ్లు రావడం ఆలస్యమైనా, ఆ కాగితం మీద రాసిన లోతు, మట్టి రంగు చాలు, తర్వాత వచ్చినవాళ్లకు పని మొదలుపెట్టడానికి.